ఆ చలికాలం మావయ్య తీసిన ఫోటోలు

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, మా అమ్మ మంచం పట్టింది. తెనాలిలో ఉండేవాళ్లం. కోతలైపోయి చలి ముదిరేసరికి తను పక్క మీంచి లేవలేని స్థితికి వచ్చింది. వీపున పుండ్లు పడ్డాయి. "ఉగాదికల్లా లేచి తిరుగుతానులేవే" అనేది. నేను నమ్మాను.

అమ్మ తమ్ముడు, మా మావయ్య, ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. రోజూ పొద్దున్నే మెడలో కెమెరాతో వచ్చి, "పదవే, అమ్మకి చలికాలం చూపిద్దాం" అని నన్ను సైకిలెక్కించుకుని నందివెలుగు వైపు తీసుకెళ్లేవాడు. మంచులో సగం మునిగిన వరికుప్పలు, కోసిన మళ్లలో మొలిచిన మినుము, పొగలు కక్కుతున్నట్టుండే కాలవ, అన్నీ తీసేవాడు. మొదటి రీల్లో బాగా వచ్చిన నాలుగు ఫోటోలు అమ్మ తలగడ కింద పెట్టుకుంది. మిగతావి ఇంకా కడగాలనేవాడు మావయ్య. అవి వచ్చేదాకా ఆగలేక నేనే అమ్మకి నోటితో చెప్పేదాన్ని. కళ్లు మూసుకుని వినేది. "మామిడి పూత వచ్చిందా?" అని అడిగేది.

ఒక పొద్దున నిజంగానే పూత కనిపించింది. మావయ్య ఫోటో తీశాడు. నేనొక రెమ్మ తుంచుకున్నాను. ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. అమ్మ పోయింది.

కర్మలన్నీ అయ్యాక ఫోటోలు అడిగాను. మావయ్య కెమెరా వెనక మూత తెరిచి చూపించాడు. లోపల ఏమీ లేదు.

"మొదటి రీలు తర్వాత ఫిలిం వెయ్యలేదే. పొద్దున్నే కాంపౌండరు గారొచ్చి కట్లు మార్చేవారు. అక్క తట్టుకోలేక అరిచేది. అది నీ చెవిన పడకూడదు, ఆ వేళకి నిన్నెటైనా తీసుకెళ్లమంది."

"నేనుంటే అమ్మ పక్కన కూర్చునేదాన్ని కదా" అన్నాను. మావయ్య ఏడ్చాడు. ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు నేను.

నాకు పిల్లలు పుట్టాక అమ్మ మనసు అర్థమైంది. మావయ్య మీద కోపమూ పోయింది. అమ్మ దగ్గర లేకుండా పోయిన ఆ ఉదయాలు మాత్రం ఇన్నేళ్లొచ్చినా నన్ను వదల్లేదు. అందుకే మొన్న చలికాలం బాపట్లలో మా ఆయనకి చివరి రోజులని తెలిసినప్పుడు, మనవరాలిని రేపల్లెలో వాళ్ల నాయనమ్మ ఇంటికి పంపేద్దామని మా అమ్మాయి అంటే నేను ఒప్పుకోలేదు. తాతయ్యకి ఎలా ఉందో ఉన్నదున్నట్టు పిల్లకి చెప్పాను. భయమేస్తే నా దగ్గరికి రమ్మన్నాను. అది ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏడవనిచ్చాను. ఆయన పోయేటప్పుడు అది అక్కడే ఉంది.