ఇస్మాయిల్ భాయ్ సింహపురం

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్లు మంట. తాపీ పట్టిన చేతికి తెలిసింది ఒక్కటే, సిమెంటు తక్కువైతే గోడ నిలవదు. అలాంటి నేను ఇది చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, కర్జకాన్ దగ్గర ఒక విల్లా పనిలో ఉన్నాను. నాతోపాటు ఇస్మాయిల్ భాయ్ అనే పెద్దాయన ఇటుక పని చేసేవాడు. కంబోడియా మనిషి, చామ్ జాతివాడు. డెబ్బైల్లో అక్కడ జరిగిన మారణకాండలో ఆయన భార్యా, చిన్న కూతురూ పోయారు. ఎక్కడ పూడ్చారో కూడా తెలియదు. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూసేవాడు కాదు.

వాళ్ల పూర్వీకుల రాజధాని ఇప్పటి వియత్నాంలో ఉండేదట. పేరు సింహపురం. మా నెల్లూరునూ సింహపురి అంటారు కదా, "అయితే మనది ఒకే ఊరు భాయ్" అని ఆటపట్టించాను. ఆయన నవ్వి, వాళ్ల అవ్వ చెప్పిన కథ చెప్పాడు. కొండల కింద, ఏటి ఒడ్డున కట్టారట ఆ ఊరిని. రాజు ఉండేది కొయ్య ఇంట్లోనే. ఇటుక గోపురాలన్నీ దేవుళ్లకీ, చనిపోయిన రాజులకీ.

"పోయినవాళ్లు తిరిగొస్తే ఉండడానికి చోటు కావాలిగా. ఊరు కట్టింది అందుకే" అన్నాడు.

అందుకే భోజనాల వేళ, షెడ్డు వెనక, మిగిలిన ఎర్ర ఇటుకలతో చిన్న గోపురం మొదలుపెట్టాడు. రెండు గూళ్లు, తల్లికొకటి, బిడ్డకొకటి. వాళ్ల పాతకాలం పద్ధతిలో సిమెంటు లేకుండా, ఇటుకను ఇటుకతో నీళ్లు పోసి అరగదీసి అతికించాలని పట్టుదల. కాస్త లేచేసరికి కూలిపోయేది. "కొంచెం సిమెంటు పెట్టు భాయ్, ఎవరు చూడొచ్చారు?" అని పోరేవాణ్ణి. వినేవాడు కాదు. మళ్లీ మొదలు.

ఒకరోజు పనిలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. మర్నాడు పొద్దున్నే పోయాడని కబురొచ్చింది. ఆ ఇటుకలైనా సర్దిపెడదామని షెడ్డు వెనక్కి వెళ్లాను.

గోపురం పూర్తయి ఉంది. ముందురోజు సాయంత్రం ఆ ఇటుకలు కుప్పగా పడి ఉండడం నేనే చూశాను. ఎవడో వేళాకోళం చేశాడని ఒళ్లు మండి భుజంతో తోశాను. కదల్లేదు. సందుల్లో గోరు కూడా దూరలేదు.

గూళ్లు మూడున్నాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మా కూలీల క్యాంపులో అందరినీ అడిగాను. ఆ పని తెలిసినవాడు ఆయన తప్ప ఇంకెవరూ లేరు.

కొన్నాళ్లకు నేల చదును చేయడానికి లోడర్ వచ్చింది. డ్రైవర్ కరీంనగర్ వాడు. ఎంత గుద్దినా గోపురం పడదే! చివరికి కిందికి దిగొచ్చి నన్నడిగాడు.

"ఏమేసి కట్టిండ్రే దీన్ని? ఊడొస్తలేదు."

బతుకంతా గోడలు కట్టినవాణ్ణి. "నీళ్లు పోసి అరగదీశాడు, అంతే" అన్నాను.