లెక్కకన్ను కింద రఫూ అక్క

ఒక వీధి బాగుపడిందని ఎవరు చెప్పాలి? అందులో నడిచేవాళ్లా, అందులో బతికేవాళ్లా? ఇంత వయసొచ్చినా నాకు జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న తలెత్తినప్పుడల్లా మా మెట్ల కింద కూర్చునే మనిషే గుర్తొస్తుంది.

అందరూ ఆమెను రఫూ అక్క అనేవారు. ఊరి నడిబొడ్డున పాత బజారులో, నేను అద్దెకుండే మేడ మెట్ల కింద ఆమె కొట్టు. కొట్టంటే ఎంత, ఒక కుర్చీ, ఒక బల్ల, సూదులు గుచ్చిన దిండు ముక్క. నిప్పురవ్వ పడిన కోటయినా, ఎలుక కొరికిన శాలువా అయినా ఆమె చేతిలో పడితే, చిరుగు ఎక్కడుండేదో మనకే గుర్తుండేది కాదు. బయటి దారం ముట్టేది కాదు. ఆ గుడ్డ లోపలి మడతలోంచే పోగులు లాగి మళ్లీ ఆ గుడ్డకే అల్లేది.

"పరాయి పోగు ఇమడదన్నయ్యా. ఎంత రంగు కలిపినా రెండు ఉతుకులకి బండారం బయటపడుద్ది" అనేది నాతో.

పక్క సందులోనే ఇల్లు. పక్షవాతంతో మంచం పట్టిన భర్త. మధ్యాహ్నం లేచి వెళ్లి, ఆయనకి తినిపించి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, మళ్లీ వచ్చి సూది పట్టేది. అందుకే ఆ మెట్ల కింద కాకపోతే ఇంకెక్కడా ఆమెకి పని కుదరదు. దూరం పోతే ఆయన్ని చూసే దిక్కు లేదు.

ఆ రోజుల్లో పాత బజారుకి ప్రాణం పోస్తామని నగరపాలక సంస్థ వాళ్లు వచ్చారు. నేలంతా రాళ్లు పరిచారు. గోడలన్నిటికీ ఒకే రంగు కొట్టారు. బస్సుని పెద్ద రోడ్డు మీదికి మళ్లించారు. కాఫీ షాపులు వచ్చాయి, అద్దాల తలుపుల చెప్పుల కొట్లు వచ్చాయి. చిరిగిన బట్టలు చంకన పెట్టుకుని దిగేవాళ్లు మాత్రం ఆ బస్సుతోపాటే మళ్లిపోయారు.

వచ్చిన కొత్తవాళ్లకి ఆమె ఒక చూడముచ్చట. ఒకమ్మాయి ఫోన్ ఎత్తి ఫొటో తీసి, "ఎంత బాగున్నారో ఆంటీ!" అంది.

"నేను బాగుంటే ఏం లాభమే తల్లీ, నీ బట్టలూ బాగానే ఉన్నాయి. ఒక్క చిరుగైనా తీసుకురాకూడదూ?"

ఆ పిల్ల నవ్వి వెళ్లిపోయింది. అక్క కూడా నవ్వింది గానీ, ఆ వేళ బల్ల మీద ఒక్క గుడ్డ లేదు.

ఏడాది తిరక్కుండా పథకం ఫలితం తేల్చడానికి ఒక అధికారిణి వచ్చింది. మా వాళ్లు ఆమెకి లెక్కల అమ్మాయి అని పేరు పెట్టేశారు. వీధి మొగన స్తంభానికి బిగించిన కెమెరాకి లెక్కకన్ను అని పెట్టారు. కింద ఎవరు నడిచినా అది లెక్క వేసుకుంటుంది.

"జనం పెరిగితే పథకం పనిచేసినట్టండీ. పెరగకపోతే ఈ వీధి మీద ఇక పైసా పెట్టరు" అంది లెక్కల అమ్మాయి.

ఆమె అటు వెళ్లగానే ఎదురు కొట్లో గుండీలమ్మే బాబాయ్ గొంతు తగ్గించి, "విన్నారా? జనం రాకపోతే మనల్ని పీకేస్తారన్నమాట" అన్నాడు.

ఆమె అన్నది అది కాదు. కానీ భయపడ్డవాడి చెవికి అలాగే వినిపిస్తుంది.

అక్క సూది ఆపి అంది: "గుడ్డకి కన్నం పడితే ఆ గుడ్డలో పోగే తీసి వేస్తాం కదా బాబాయ్. వీధికి కన్నం పడింది. మనమే నడుద్దాం."

"ఓసి నీ అసాధ్యం కూలా! నా మోకాళ్లతోనా వీధికి రఫూ చేయిస్తావ్?"

"కొట్లో కూర్చుని ఈగలు తోలుతున్నావు గదా. ఆ ఈగల్ని కూడా వెంటేసుకురా, లెక్కలో పడతాయి."

అలా మొదలైంది. బేరం లేని ప్రతి పూటా పాతకొట్ల వాళ్లంతా లెక్కకన్ను కింద నుంచి వెళ్లడం, సందు చుట్టి రావడం, మళ్లీ వెళ్లడం. నన్నూ దింపారు. చాన్నాళ్లకి వీధిలో నవ్వులు వినబడ్డాయి. భర్తని పడుకోబెట్టి వస్తూ అక్క కూడా కావాలని చుట్టుదారిన, ఆ కన్ను కింద నుంచే వచ్చేది.

ఏడాది చివర లెక్కల అమ్మాయి వీధిలోనే సభ పెట్టి, జనం బాగా పెరిగారని, ఈ పద్ధతి మిగతా పాత వీధులకీ నమూనా అని చదివింది. బాబాయ్ నా వైపు చూసి కన్ను కొట్టాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అక్కే.

తర్వాతి వారమే మేడ యజమాని మెట్లు దిగి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. గోడ మీది కొత్త రంగుని గోటితో గోకాడు.

"ఏమనుకోకు అక్కా. ఫోన్ కవర్లు అమ్మేవాడు ఎక్కువ అద్దెకి ఈ చోటు అడుగుతున్నాడు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఇంత జనం తిరిగే వీధి కదా, నువ్వూ విన్నావు."

"విన్నాను బాబూ" అంది అక్క.

మర్నాడు నన్ను తోడు తీసుకుని లెక్కల అమ్మాయి ఆఫీసుకి వెళ్లింది. "ఆ నడిచిందంతా మేమే తల్లీ. మీ కన్ను మమ్మల్నే తిప్పితిప్పి లెక్కేసుకుంది. అది కొట్టేయండి."

ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది. "ముందే చెప్పాల్సిందండీ. నివేదిక పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు నేను అబద్ధమని రాస్తే..." అంటూ బల్ల మీది కాగితాలు సర్దింది.

"పోనీ, నేను ఇన్నేళ్లు అక్కడ కూర్చున్నానే. అదేమన్నా పట్టుకుందా మీ కన్ను?"

"కూర్చున్నవాళ్లని అది చూడదండీ. కదిలితేనే."

తిరిగొస్తూ అక్క మా వీధి మొగదల ఆగి, "ఆ నడిపించింది నేనే కదన్నయ్యా" అంది. కాదని ఎలా అంటాను? ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి అని తేలిగ్గా అందామనుకున్నాను.

గడువు రోజున పొద్దున్నే నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ వారమే ఆమెకి రఫూకిచ్చిన నా ఉన్ని కోటు, పని పూర్తయి, మెట్ల కమ్మీ మీద మడతపెట్టి ఉంది. అక్క కుర్చీ తలకిందులుగా భుజాన వేసుకుని, చేతిలో సంచీతో బయటికొచ్చింది. నేను పైనున్నానని ఆమెకి తెలుసు. రోజూ ఆ వేళకి తలెత్తి, "కాఫీ అయిందా అన్నయ్యా" అనేది.

తలెత్తలేదు. రాళ్ల మీద చూసుకుంటూ నడిచి, లెక్కకన్ను కింద నుంచి పెద్ద రోడ్డు వైపు వెళ్లిపోయింది.