రేజ్ అవుతున్నది బండా, నా చెయ్యా? సంగారెడ్డి నుంచి బొంతపల్లి దాకా

ఉదయం ఏడుంబావుకు సంగారెడ్డిలో మా గల్లీ నుంచి బయలుదేరాం. రోజూ నేనొక్కదాన్నే వెళ్లే దారి ఇది. బొంతపల్లి దగ్గర మందుల కంపెనీ ల్యాబులో నా ఉద్యోగం. ఆ రోజు మాత్రం వెనక సీటు మీద మా ఆయన శ్రీను, సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు. నాకు తోడుగా కాదు, నా కుడిచేతిని కనిపెట్టి చూడడానికి.

సంగతేమిటంటే, మా బండి కొన్నాళ్లుగా పొద్దున పూట ఉన్నట్టుండి దానంతటదే రేజ్ అవుతోంది. క్లచ్ పట్టి ఆపితే ఇంజన్ గొంతు చించుకుంటుంది. సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. మెకానిక్ ఖలీల్ భాయ్ రెండు ఆదివారాలు కార్బురేటర్ విప్పి తుడిచి, ఐడ్లింగ్ స్క్రూ తిప్పి, "ఇగ పరేషాన్ గాకు అక్కా" అన్నాడు. శ్రీను నడిపితే ఏ గొడవా లేదు. కిందటి వారం పటాన్‌చెరులో క్లచ్ వదిలేసరికి బండి ముందుకు దూకి ఆటోకు తగిలింది. దాంతో ఇంట్లో తీర్పు వచ్చేసింది. భయానికి నేనే ఎక్సలేటర్ మెలిపెడుతున్నానట.

"బండికేం గాలే, నీ చెయ్యే సక్కగ లేదు. తాళం నాకియ్యి, నౌకరీ బంద్ చెయ్యి," అన్నాడు శ్రీను. మా అత్తదీ అదే మాట.

"ఒక్క దినం నా ఎంబడి రా. సూసినంక మాట్లాడు," అన్నాను.

బస్సులూ ఆటోలూ మారి తొమ్మిదికల్లా కంపెనీ గేటు చేరడం అయ్యే పని కాదు. బండి లేకపోతే ఉద్యోగం లేదు. అందుకే ఆ పొద్దున, రోజూ ఏది జరగకూడదని దండం పెట్టుకుంటానో అదే జరగాలని కోరుకుంటూ నడిపాను.

కంది దాటాం. లారీల మధ్య బండి సాఫీగా సాగింది. వేగం తగ్గిన ప్రతిచోటా చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఇస్నాపూర్‌లో డ్యూటీలకు పోయే జనం రోడ్డంతా ఉన్నారు. అక్కడ కావాలనే ఆపి క్లచ్ పట్టాను. ఇంజన్ బుద్ధిగా కొట్టుకుంది.

"మంచిగనే ఉన్నది గదా," అన్నాడు వెనక నుంచి. ఆ గొంతులో గెలుపు వినపడి నాకు ఒళ్లు మండింది.

ఎనిమిదింటికి టీకొట్టు దగ్గర ఆగాం. ఈ దారిన వచ్చేవాళ్లు ఇక్కడే టీ తాగడం మంచిది, పటాన్‌చెరులో బొంతపల్లి వైపు లోపలి రోడ్డు ఎక్కితే దుమ్మూ మందుల వాసనా తప్ప ఏమీ దొరకవు. బెంచీ మీద కూర్చున్న బిహార్ కార్మికుడొకడు నా చేతిలో తాళం చూసి, "గాడీ ఆప్ చలాతీ హై భాభీ?" అన్నాడు, బండి నడిపేది మీరేనా అని.

"ఆజ్ తక్ తో మై హీ," అన్నాను, ఇవాళ్టి దాకానైతే నేనే అని. శ్రీను టీ గ్లాసు ఖాళీ చేసి లేచాడు.

మళ్లీ ఎక్కేటప్పుడు, ఇంతసేపూ భుజానికి వేసుకున్న నా టిఫిన్ సంచిని నా చేతిలో పెట్టాడు. "ఏం పెట్టినవే ఇండ్ల, భుజం గుంజుతున్నది." మూడు గిన్నెల క్యారియర్, లీటరు నీళ్ల సీసా. రోజూలాగే హ్యాండిల్ మీద, కుడి అద్దం పక్కన తగిలించాను. ఇక్కడ డ్యూటీకి పోయే ఏ బండిని చూసినా ఇలాంటి సంచి ఒకటి వేలాడుతూనే ఉంటుంది.

పటాన్‌చెరులో లోపలి రోడ్డు కోసం ఎడమకు తిప్పాను. ముందు కెమికల్ ట్యాంకర్ ఠక్కున ఆగింది. క్లచ్ పట్టగానే ఇంజన్ ఒక్కసారిగా అరిచింది. కాలిబ్రేకు అదిమిపట్టాను. ఎడమచేత్తో క్లచ్ బిగించి పట్టాను. క్లచ్ జారిందంటే ఇద్దరం ట్యాంకర్ కిందే. అప్పుడు కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి పూర్తిగా పైకెత్తాను.

"సూడు! నా చెయ్యి సూడు!"

నా చెయ్యి గాలిలో ఉంది. ఇంజన్ అరుస్తూనే ఉంది. శ్రీను నా మీదుగా వంగి తాళం తిప్పేశాడు.

బండిని పక్కకు నెట్టుకొచ్చాం. న్యూట్రల్‌లో మళ్లీ స్టార్ట్ చేశాను. హ్యాండిల్ తిన్నగా ఉంటే మామూలు చప్పుడు, ఎడమకు తిప్పితే అరుపు. వంగి చూస్తే సంచి పట్టీ జారి ఎక్సలేటర్ వైరు మీద పడి ఉంది. సంచి ఎత్తాను, చప్పుడు తగ్గింది. వదిలాను, మళ్లీ అరుపు. నిండు సంచి బరువుకు, హ్యాండిల్ తిరిగినప్పుడు వైరు గుంజుకుంటోంది. సాయంత్రం సంచి ఖాళీ. ఆదివారం సంచే ఉండదు. మెకానిక్ దగ్గరికి టిఫిన్ కట్టుకొని ఎవరు పోతారు? ఇన్నాళ్లూ నా ప్రాణం మీదికి తెచ్చింది నేను వండుకున్న పప్పూ అన్నమే!

సంచి వీపుకు తగిలించుకొని, గేటు మూసేలోపు కంపెనీ చేరాను. శ్రీను ఆ రోజంతా బొంతపల్లి వీరభద్రుడి గుడి దగ్గర గడిపి, సాయంత్రం బండి తెచ్చి, తాళం నా చేతిలో పెట్టి వెనక్కి జరిగాడు.

తిరుగు ప్రయాణంలో హైవే మీద వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అప్పుడే మా అత్త ఫోన్ చేసింది. శ్రీను మాట నాకు స్పష్టంగా వినపడింది.

"లేదమ్మా, తాళం తీస్కోను. ఆమె చెప్పింది నిజమే. దినాం గా భయంతోనే పోయొచ్చింది, పాపం. మనమే నమ్మలే."

ముందున్న బండ్లు కదిలాయి, నేనూ కదిలించాను. ఈ దారిలో గుంతలున్నాయి, ట్యాంకర్లున్నాయి, అన్నిటినీ తప్పించుకొని పోవచ్చు. నా వెనక వచ్చేవాళ్లకు ఒక్కటే జాగ్రత్త చెబుతాను. హెల్మెట్ లోపల ఏడవకండి. అద్దం మసకబారుతుంది, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ ఉండదు.