ఒళ్ళో పెట్టుకున్న నా ముఖం ఎముక

చింతపల్లి దగ్గర మా కాఫీ తోటలో మిరియాల తీగలు సిల్వర్ ఓక్ చెట్లను పట్టుకుని ఇంటికప్పును మించి పాకుతాయి. ఒంటి వెదురు నిచ్చెన ఎక్కి గుత్తులు కోయాలి. సెల్‌ఫోన్లు ఇంకా మా కొండెక్కని రోజుల్లో ఓసారి ఆ వెదురు జారింది. నా ఎడమ చెంప కాఫీ మోడుకు కొట్టుకుంది.

వాపు తగ్గింది కానీ తల ఎత్తితే అన్నీ రెండుగా కనబడేవి. నేను చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు. నాన్న పొయ్యి దగ్గర కూర్చోబెట్టి బైబిలు మీదే అక్షరాలు నేర్పాడు. ఆ చదువు మిగిలింది, తల దించి చదువుతాం కనుక. చెట్టు కిందికి వెళితే మాత్రం ఏ గుత్తి నిజమో చేతికి తెలిసేది కాదు.

"కన్ను పోనాది. ఇంక సెట్టు నీకొద్దే గుంటా. దేవుడు సెప్పినా ఇనవేటి?" అంది మా మేనత్త.

"దేవుడు సెప్తే నాకే సెప్తాడత్తా," అని విశాఖ బయలుదేరాను. అత్త తిట్టుకుంటూనే నా వెంట జీపెక్కింది.

అక్కడి డాక్టరమ్మ స్కానింగు తీయించి, కొన్నాళ్ళకు మళ్ళీ రమ్మంది. వెళితే ఒక తెల్లటి బొమ్మ నా ఒళ్ళో పెట్టింది. "మీ ముఖం ఎముకమ్మా. స్కానింగు ప్రకారం యంత్రం పొర మీద పొర వేసి అచ్చు తీసింది. కన్ను పోలేదు. దాని కింద నేలలా ఉండే పలుచని ఎముక విరిగి కంత పడింది. ఆ కంతలో కండ ఇరుక్కుని కన్ను పైకి తిరగట్లేదు." బొమ్మలోని ఆ కంతలో నా చిటికెన వేలు పట్టింది. అన్నాళ్ళూ ఎవరూ చెప్పని సంగతి నా వేలికి తెలిసింది.

అత్త గభాలున దాని మీద పమిట కప్పింది. మా దగ్గర బయటపడ్డ ఎముకకు మన్నే చోటు. "బతికున్న మనిసి ఎముక బయటెట్టేత్తారేటి! బేగి మూటకట్టు, ఊరట్టుకెల్లి పాతేద్దారి."

"పాతితే నన్నూ పాతు," అని లాక్కున్నాను. "నా ముఖమిది. బాగుసెయ్యమని డాక్టరమ్మకి నేనిత్తన్నాను."

డాక్టరమ్మ నవ్వి ఇంకో అచ్చు బయటికి తీసింది. బాగున్న కుడివైపును అద్దంలోలా తిప్పి ఎడమకు అమర్చి చేసినదట, అంటే పడక ముందు నా ముఖం. జల్లెడలాంటి పలుచని లోహపు రేకును దాని మీద పెట్టి వంచసాగింది. ఆ రేకే నా కంటికింద పెడుతుందట. వేలితో నొక్కితే అది ఊగింది.

అడ్డాకు దొప్పలు కుట్టడంలో మా ఊళ్ళో అత్తను మించినవాళ్ళు లేరు. చూసి చూసి ఊరుకోలేకపోయింది. "ఎనకమూల లేపాలమ్మా. దొప్పకైనా అంచు లెగకపోతే పోసిందంతా జారిపోద్ది."

"అక్కడే లేపబోతున్నాను పెద్దమ్మా," అంది డాక్టరమ్మ. లేపింది. రేకు కుదురుకుంది.

ఆపరేషనయ్యాక ఆ విరిగిన ముఖం అచ్చును ఇంటికి తెచ్చుకున్నాను. మరుసటి కోతకు నేనే నిచ్చెన ఆనించాను. అత్త వెదురు మొదలు రెండు చేతులా పట్టుకుంది. "ఈసారి పడ్డావంటే ఆ అచ్చుతోటే నిన్నూ పాతేత్తాను!"

ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని తల ఎత్తాను. గుత్తి ఒక్కటే ఉంది. చెయ్యి నేరుగా దాని దగ్గరకే వెళ్ళింది.