మూడు సీసాలు, ఒకే పేరు

మిరపకాయ ఎందుకు మండుతుందంటే ఎవరైనా కారం కదా అంటారు. సత్తెనపల్లి మాలిక్ మాస్టారు మాత్రం ఆ కారానికి ఉన్న అసలు పేరు ఎత్తుకునేవాడు. "ఎనిమిది మిథైల్, ఆరు నోనీనమైడ్" అనుకుంటూ ఆయన ముగించేలోపు బస్సు నరసరావుపేట వెళ్ళి తిరిగొచ్చేది. పెళ్ళిలో పాయసం తాగుతూ కూడా పంచదారలో కర్బనాలు లెక్కపెట్టిన మనిషి.

పదిహేడేళ్ళు జూనియర్ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పాడు. "పొడుగాటి కర్బనాల గొలుసు వెతకండిరా. కొమ్మ దగ్గరగా ఉన్న వైపు నుంచి నంబర్లెయ్యండి. పేరు దానంతటదే వస్తుంది" అనేవాడు. ఒక జూన్‌లో గోడకి పెద్ద టీవీ తగిలించి, పాఠం అందులో పెట్టి, ఆయన్ని ఇంటికి పంపారు. ఆ టీవీకి కొబ్బరికాయ కూడా ఆయన చేతే కొట్టించారు.

చివరికి మాలిక్, నాగేంద్రబాబు పురుగుమందుల కొట్లో పనికి కూర్చున్నాడు. సీసాలు అందించడం, నోరు మూసుకోవడం, అంతే పని.

మొదటిది బాగానే చేశాడు.

ఆ ఏడు కోటేశ్వరి ఎకరం మిరపతోటకి తామరపురుగు పట్టింది. పూతంతా ముడుచుకుపోతోంది. ఇక్కడి అలవాటు ప్రకారం మూడు కంపెనీల మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొడదామని వచ్చింది. నాగేంద్రబాబు ఎర్రది, పచ్చది, నీలంది మూడు సీసాలు బల్లమీద పెట్టాడు.

మాలిక్ మూడు సీసాలతో వచ్చిన వివరాల మడత కాగితాలూ తీసి పక్కపక్కన పరిచాడు.

"చూడమ్మా, ఈ పొడుగు పేరు. మూడిట్లోనూ ఒకటే. ఇది మూడు మందులు కాదు, ఒకే మందు మూడు మోతాదులు. తోట మాడిపోద్ది. ఒకటి చాలు."

కోటేశ్వరికి ఇంగ్లీషు రాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చింది. "అచ్చు గుద్దినట్టే ఉన్నాయి మాస్టారూ" అంది.

నాగేంద్రబాబు నవ్వాడు. "మా బజార్లో నలుగురు వెంకటేశ్వర్లున్నారు. పేరొకటని నలుగురికీ ఒకే పెళ్ళామా మాస్టారూ?"

కొట్లో ఉన్న రైతులంతా పగలబడి నవ్వారు. వాళ్ళలో యలమందయ్యకైతే నోట్లో చుట్ట జారి పంచె మీద పడింది.

"మనుషులకి పేరు ముద్దుకి పెడతారండీ" అన్నాడు మాలిక్. "దీనికి లోపలుండేదాన్ని బట్టి పెడతారు. పేరొకటైతే ఎముకలతో సహా ఒకటే."

"టీవీ ఇంతకంటే బాగా చెబుతోందంట" అన్నాడు యలమందయ్య. మళ్ళీ నవ్వులు.

అంతమంది నవ్వుతుంటే కోటేశ్వరి ఎటూ తేల్చుకోలేకపోయింది. మూడు సీసాలూ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రానక్కర్లేదని నాగేంద్రబాబు మాలిక్‌కి చెప్పాడు.

అయిదో రోజు ఆమె మాడిన మొక్కొకటి పీక్కుని మాలిక్ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది. "అంత తెలిసినోడివి, నా చేతిలో సీసాలు లాక్కోవద్దా అయ్యా?"

మాలిక్ భార్య జాన్‌బీ మంచినీళ్ళిస్తే కోటేశ్వరి తాగలేదు. మాలిక్ ఆ మొక్క చేతిలోకి తీసుకుని మాడిన ఆకులు లెక్కపెట్టాడు.

అక్కణ్ణుంచి ఆమె తిన్నగా నాగేంద్రబాబు కొట్టుకే వెళ్ళింది. మాడిన తోట కోలుకోవడానికి ఏం కొట్టాలని అడిగింది. అతను రెండు సీసాలిచ్చాడు. మడత కాగితాలు మాత్రం ముందే తీసేసి ఇచ్చాడు.