జాంగడ్ మీద తెచ్చిన బెల్టు

1957. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాది తిరిగింది. ఆదిలాబాద్ జిల్లాలో ఒక చిన్న ప్రభుత్వ జిన్నింగ్ మిల్లులో నేను పర్చేజ్ క్లర్కుని. పత్తిలోంచి గింజను వేరుచేసే మిల్లు అది. ఆయిల్ ఇంజన్ నుంచి ఒక వెడల్పాటి తోలు బెల్టు షెడ్డు పొడవునా ఉన్న ఇనుప షాఫ్టును తిప్పుతుంది. షాఫ్టు తిరిగితేనే గింజ తీసే జిన్ యంత్రాలన్నీ తిరుగుతాయి. ఆ ఒక్క బెల్టు తెగితే మిల్లంతా ఆగినట్టే.

అక్కడి వ్యాపారంలో జాంగడ్ అనే పద్ధతి ఉండేది. సరుకు తీసుకుపోయి వాడి చూడటం, నచ్చితే డబ్బు కట్టడం, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయడం. నాకు ముందున్న క్లర్కు, ఊళ్లోని గణపత్ సేటు దుకాణం నుంచి బెల్టులు అలాగే తెచ్చేవాడు. నేను వచ్చీ రాగానే ఆపించాను. సర్కారు మిల్లు నోటిమాట మీద కొనడమేమిటని నా వాదన. అది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. కానీ సేటు దుకాణానికి పోయి, "ఇక మీ బేరాలు నడవవు, టెండర్ వేసుకోండి" అని నలుగురి ముందు చెప్పి వచ్చాను. చెప్పిన తీరు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

టెండర్ అంటే సీలు కవర్లలో ధరలు తెప్పించి, అందరి ముందు విప్పి, తక్కువ రాసినవాడికి ఆర్డర్ ఇవ్వడం. హైదరాబాద్ వ్యాపారి ఒకాయన మిగతావాళ్లకంటే బాగా తక్కువ రాశాడు. ఏడాదికి సరిపడా బెల్టులు ఒకేసారి తెప్పించాను. హెడ్డాఫీసు మెచ్చుకుంది. పొంగిపోయాను.

పత్తి సీజన్ మొదలయ్యాక, బెల్టు రెండు కొసలూ కలిపి కుట్టి ఎక్కించే ఫిట్టర్ రాజం నా దగ్గరకొచ్చాడు.

"సార్, గీ బెల్టు సాగుతుంది. పొద్దుగాల బిగిస్తే పగటీలికి వదులైతుంది. జర పాతసొంటిది తెప్పియ్యరాదుండ్రి."

"బెల్టుది కాదు రాజం, నీ కుట్టుది తప్పు."

"నా కుట్టు గియ్యాలటిదా సార్?" అని వెళ్లిపోయాడు.

వారపు అంగడి నాడు బెల్టు కుట్టు దగ్గర చిరిగి తెగింది. అదృష్టం, ఎవరికీ తగల్లేదు. ఇంకొకటి వేస్తే అదీ తెగింది. గేటు బయట పత్తి బండ్లు బారు తీరాయి. బాధ్యులెవరో రాయమని హెడ్డాఫీసు నుంచి తంతి వచ్చింది. "ఫిట్టర్ నిర్లక్ష్యం" అని రాసి మేనేజర్ హమీద్ సాబ్ ముందు పెట్టాను. రాజంది పర్మినెంట్ ఉద్యోగం కాదు, ఆ ఒక్క మాటతో ఇంటికి పోతాడు. తెలిసే రాశాను.

హమీద్ సాబ్ కలం తీసి, మళ్లీ మూత పెట్టాడు.

"సంతకం జేస్త, రాజం పోతడు. రేపు కొత్త ఫిట్టర్ కుట్టింది గూడ తెగితే ఎవరి పేరు రాస్తవ్?"

కాగితం నా వైపు తోశాడు.

"సేటు దగ్గర ఒక్క బెల్టు తీస్కరా. రాజంతోనే కుట్టియ్యి. గది తెగితే అప్పుడు సంతకం జేస్త."

"ఆర్డర్ లేకుంట ఎట్ల సాబ్? రూలు..."

"రూలుకు జవాబు నేనిస్త. సేటుకు నువ్వియ్యి."

దుకాణంలో సేటు పోకచెక్కలు కత్తిరిస్తూ తల ఎత్తలేదు.

"కాయ్ సాబ్, ఏం సంగతి? టెండర్ కాయిదం తెచ్చిన్రా?"

"ఒక బెల్టు కావాలె సేట్. జాంగడ్ మీద."

"అరె! సర్కారు నోట జాంగడ్ మాట! జర గట్టిగ చెప్పుండ్రి, అందరు వినాలె."

మళ్లీ చెప్పాను, గట్టిగానే. కూర్చున్నవాళ్లు నవ్వారు. సేటు లోపలికి పోయి బెల్టు చుట్ట తెచ్చి నా ముందు పెట్టాడు.

"మీ మీద ప్రేమతోటి గాదు. మీ మిల్లు బందైతే నాకు ఊళ్లె గా ప్రైవేటు మిల్లు ఒక్కటే గిరాకి మిగుల్తది. గా మిల్లు సావుకారి చెప్పిందే నా బెల్టులకు రేటయితది. తీస్కపోండ్రి, నడిపి చూడుండ్రి."

నేను రాసిన కాగితం సంగతి రాజం చెవిన అప్పటికే పడింది. అయినా ఎప్పటి కుట్టే కుట్టాడు. ఇంజన్ అందుకుంది. షెడ్డులో నిలబడి, కుట్టు పైకి వచ్చిన ప్రతిసారీ దానివైపే చూశాను. ఆ బెల్టు నిలిస్తే తప్పు నాదని తేలుతుంది. అయినా నిలవాలనే కోరుకుంటున్నానని అక్కడే తెలిసింది. ఆ పూట తెగలేదు. మర్నాడూ తెగలేదు. బండ్లన్నీ లోపలికొచ్చాయి. చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను.

పాత కాగితం చింపేసి, బెల్టును పరీక్షించకుండా ధర చూసి కొన్నది నేనేనని రాశాను. మందలింపు వచ్చింది, అంతే. నన్ను క్షమించమని రాజంను అడిగితే, "నా పేరు కొట్టేసిన్రు గద సార్, సాలు. ఛాయ్ తాపియ్యుండ్రి, గొంతెండుతుంది" అన్నాడు.

మరుసటి ఏడు టెండర్ మానలేదు, జాంగడ్‌నే అందులో కలిపాం. ప్రతివాడి బెల్టునూ ముందు మా షెడ్డులో నడిపి, నిలిచినవాటికే ధరలు పోల్చాం. సేటుదీ నిలిచింది, కానీ ఇంకొకరిది చవక. ఆర్డర్ వాళ్లకే పోయింది. సేటు నన్ను బాగా తిట్టి, చివరికి "పోనీ, నడిపి ఓడగొట్టిన్రు" అన్నాడు. ఆ సీజనంతా బెల్టు కోసం మిల్లు ఆగలేదు.

సర్కారు సంస్థ నష్టపోతే లోపలి పనివాళ్లు సోమరులని తేలిగ్గా అనేస్తాం. నేను ఏకంగా కాగితం మీదే రాశాను. చాలాసార్లు ఆ నష్టం వాళ్ల చేతికి రాకముందే, కవర్లు విప్పిన బల్ల దగ్గర మొదలై ఉంటుంది. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడు లేచి షెడ్డులోకి పోయి చూడాలి. నేను ఆలస్యంగా వెళ్లాను. ఒక మనిషి బతుకుదెరువు పోకముందే వెళ్లగలిగాను, అది నా అదృష్టం.