రెండో సంతకం

ఆ వానాకాలంలో తార్నాకలో నేను అద్దెకుండే పోర్షన్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఇంటాయన పాత ఇల్లు బిల్డర్‌కు ఇచ్చేసి, నెల రోజుల్లో వేరే చూసుకోమన్నడు. విద్యానగర్‌లో ఒక గది, చిన్న వంటిల్లు దొరికినయి. వాళ్లు మూడు నెలల అద్దె అడ్వాన్స్ అడిగిన్రు. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ లెక్చరర్‌ని, రాజనీతి శాస్త్రం చెప్త. చెప్పిన గంటలకే జీతం, అది కూడ సెమిస్టర్ అయిపోయినంక ఎప్పుడో వస్తది. చేతిలో అంత డబ్బు లేదు. ఉన్నదంతా ఫోన్‌లో ఒక వాలెట్‌లో, డిజిటల్ డాలర్లుగ, అంటే డాలర్ విలువ చేసే క్రిప్టో నాణేలుగ ఉన్నది. వాటిని రూపాయలు చేసి బ్యాంకులో వేసే యాప్ ఇంకొకటి ఉంటది. అందులోకి పంపుదామని ఒక పొద్దున సెండ్ నొక్కిన. పెండింగ్ అని చూపించింది. సాయంత్రం దాక అట్లనే ఉన్నది. తెల్లారి చూస్తే పంపిన జాడే లేదు. డబ్బు ఎక్కడిదక్కడ ఉన్నది.

ఆ డబ్బు నా ఒక్కదానిది కాదు. సగం నాది, సగం నా స్నేహితురాలిది. నేను పంపబోయింది నా సగమే. ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు, అయినా చెప్తున్న.

మేమిద్దరం ఒకే హాస్టల్ గదిలో ఉండి పీహెచ్‌డీ చేసినం. ఆమెది నల్గొండ దిక్కు పల్లె, ఆదివారం తప్పకుండ చర్చికి పోయే కుటుంబం. మాది జనగామ దిక్కు, పత్తి, మక్కలు. నాకంటే రెండేండ్లు పెద్దది కాబట్టి మొదటి రోజు నుంచే అక్కా అని పిలిచిన. ఇద్దరం అదే డిపార్ట్‌మెంట్‌లో పార్ట్‌టైమ్‌గ చేరినం. ఆమెకు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే ఆయనతో పెండ్లయి మల్కాజ్‌గిరిలో కాపురం పెట్టింది. నేను చేసుకోలేదు. అయినా పగలంతా కలిసే ఉండేవాళ్లం. ఆమె టిఫిన్ డబ్బాలో రోజూ నా వాటా కూడ ఉండేది.

రెండేండ్ల కింద మాకొక పని దొరికింది. ఒక విదేశీ కంపెనీకి తెలుగు మాటల రికార్డింగులు విని టైపు చేసి పంపాలె. మన దిక్కు యాస తెలిసినోళ్లే కావాలన్నరు. బ్యాంకు ద్వారా పంపితే ఖర్చులకే చాల పోతదని, డిజిటల్ డాలర్లు ఇస్తమన్నరు. క్లాసులు లేని గంటల్లో లైబ్రరీ మెట్ల మీద కూర్చొని, ఇయర్‌ఫోన్ ఒక చెవిది ఆమె, ఒక చెవిది నేను పెట్టుకొని వినేవాళ్లం. ఎవరో ముసలామె రేషన్ షాపాయనతోని కొట్లాడిన సంగతి చెప్పేది. ఎవరో ఒకాయన బర్రెను అమ్మి, మనసొప్పక మళ్లీ ఎక్కువ పెట్టి కొనుక్కొచ్చిన కథ చెప్పిండు. ఆ బర్రె కథకు అక్క ఎంత నవ్విందంటే, టైపు చేసేది ఆపి నీళ్లు తాగాల్సి వచ్చింది.

డబ్బు ఎవరి ఫోన్‌లో పెట్టాలన్న మాట వచ్చినప్పుడు, రెండు తాళాల వాలెట్ పెడదామన్నది నేనే. అందులోకి డబ్బు ఎవరు పంపినా వస్తది. బయటికి పోవాలంటే మాత్రం ఇద్దరం మా మా ఫోన్లలో సంతకం లెక్క ఒప్పుకోవాలె. ఒకరు ఒప్పుకున్నంక రెండోవాళ్లు ఒక్క రోజులో ఒప్పుకోకపోతే పంపిన పని రద్దయితది. ఒకరి ఫోన్ దొంగల చేతిలో పడ్డా డబ్బు పోదని అక్కకు చెప్పిన. ఆమె నవ్వి, "నామీద అనుమానమా ఏంది?" అన్నది. లేదు లేదన్న. అసలే లేకుండెనని ఇప్పుడు ప్రమాణం చెయ్యలేను.

వాలెట్ పెట్టినప్పుడు ఒక్కొక్కరికి పన్నెండు ఇంగ్లిష్ మాటలు వచ్చినయి. ఫోన్ పోయినా, మారినా ఆ మాటలు వరుసగా కొడితేనే మన తాళం మళ్లీ మన చేతికి వస్తది. అవి లేకపోతే కంపెనీ, పోలీసులు, ఎవరూ ఏం చెయ్యలేరు. నేను డైరీలో రాసుకున్న. అక్క తన పాఠాల నోట్‌బుక్ వెనుక అట్ట మీద రాసుకున్నది.

ఆ తర్వాతి సంగతి చెప్పడానికే నాకు నోరు రాదు.

వేసవి సెలవులకు ముందు డిపార్ట్‌మెంట్ హెడ్ సార్ నన్ను గదికి పిలిచిండు. పార్ట్‌టైమ్ వాళ్ల గంటలు తగ్గిస్తున్నరని, మేం చెప్పే పేపర్లకు ఇక ఒక్కరే సరిపోతరని అన్నడు. చాయ్ తెప్పించిండు. మాటల మధ్యలో, "ఆమె రెగ్యులర్‌గా వస్తున్నదా?" అని అడిగిండు. ఆ చలికాలం అక్క అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. దవాఖాన, ఇల్లు, దవాఖాన అని తిరిగి అక్క చాల క్లాసులకు రాలేకపోయింది. ఆ క్లాసులన్నీ ఆమె బదులు నేనే చెప్పిన. నువ్వు పో అక్కా, నేను చూసుకుంట అని మాటిచ్చింది నేనే. హెడ్ సార్‌కు ఆ ముచ్చట తెల్వదు. నేను చాయ్ కప్పు కింద పెట్టి, "ఈ మధ్య సరిగ్గ రాలేకపోతున్నది సార్," అన్న.

అంతే అన్న. అబద్ధం ఒక్కటి లేదు అందులో.

వారం తిరిగేసరికి లిస్టు పెట్టిన్రు. నా పేరున్నది, ఆమెది లేదు. నేను సార్‌తో అన్న మాట ఆమెకు ఎవరు చెప్పిన్రో, ఎట్ల తెలిసిందో, ఆ మధ్యాహ్నం అక్క వరండాలో నా ముందుకు వచ్చి నిలబడ్డది. నేను ఫోన్‌లో ఏదో చదువుతున్నట్టు తల వంచుకొని ఉన్న. కొద్దిసేపు చూసి పోయింది. ఆ తర్వాత ఫోన్లు లేవు. రికార్డింగుల పని అప్పటికే అయిపోయింది కాబట్టి మాట్లాడుకోవడానికి వేరే కారణం కూడ లేకుండె.

అందుకే డబ్బు పోతలేదంటే నాకు కారణం తెలియక కాదు. తెల్వని మనిషి లెక్క వేరే కారణాలు వెతికిన. నెట్ సరిగ్గ లేదేమోనని క్యాంపస్‌లో కంప్యూటర్ సెంటర్ ముందు నిలబడి మళ్లీ నొక్కిన. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్న. డైరీ చూసి పన్నెండు మాటలు కొట్టి లోపలికి పోయిన. డబ్బు అంకె అట్లనే కనిపిస్తున్నది. ఆ డాలర్లు పంపాలంటే ఫీజు డాలర్లలో కుదరదు, ఆ నెట్‌వర్క్ సొంత నాణెం కొంచెం వాలెట్‌లో ఉండాలని ఎక్కడో చదివిన. నా ప్రాణం లేచొచ్చింది. ఇదే కారణమనుకున్న. ఉన్న కొద్ది పైసల్లోంచి ఆ నాణెం కొని వేసిన, మళ్లీ సెండ్ నొక్కిన. మళ్లీ పెండింగే.

ఫోన్‌లో ఒక గ్రూపులో నా గోస రాస్తే, ఆ వాలెట్ కంపెనీ సపోర్ట్ వాళ్లమని ఎవరో పలకరించిన్రు. చాల మర్యాదగ మాట్లాడిన్రు. మీ పన్నెండు మాటలు పంపండి, మేము మా దగ్గర సరిచేస్తం అన్నరు. నాలుగు మాటలు టైపు చేసినంక చెయ్యి ఆగిపోయింది. క్లాసులో పిల్లలకు రాజ్యం, పౌరుడు, నమ్మకం అని గంటలు గంటలు చెప్పే మనిషిని నేను. తుడిపేసి, ఆ నంబర్ బ్లాక్ చేసిన.

చివరికి కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసే టెక్నీషియన్‌కు ఫోన్ చూపించిన. నడీడు మనిషి, మా డిపార్ట్‌మెంట్ ప్రింటర్లు కూడ ఆయనే బాగుచేస్తడు. అద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఒక నిమిషం చూసి ఫోన్ వాపస్ ఇచ్చిండు. "ఇందుల ఖరాబ్ ఏం లేదు మేడం. రెండు సంతకాలు కావాలె, ఒక్కటే పడ్డది. ఆ రెండో మనిషిని అడగండి," అన్నడు. ఇంత చిన్న దానికి ఇంత తిరిగిన్రా అన్నట్టు చూసిండు. నిజమే. తార్నాక నుంచి మల్కాజ్‌గిరి ఎంత దూరమని.

ఆదివారం చర్చి అయిపోయే టైమ్ చూసుకొని పోయిన. ఫోన్ చేసి పోలేదు, చేస్తే వద్దంటదని భయం. అక్క భర్త తలుపు తీసిండు. నన్ను చూసి మొఖం ముడుచుకోలేదు. రా అమ్మా అని కుర్చీ చూపించి, బయట పని ఉన్నదని చెప్పులేసుకున్నడు. లోపలి గదిలో మంచం మీద అత్తమ్మ పడుకొని ఉన్నది. అక్క ఆమెకు జావ తాగిపిస్తున్నది. చెంచా ఆపకుండనే కూర్చోమన్నది. గిన్నె అయిపోయినంక, మూతి తుడిచినంక, చేతులు కడుక్కొని వచ్చి నా ఎదురుగ కూర్చున్నది.

నేను ఇల్లు ఖాళీ చేసే సంగతి చెప్పిన, అడ్వాన్స్ సంగతి చెప్పిన. నీ సగం ముట్టుకోనన్న. ఆమె అంతా విన్నది. దగ్గర్లోనే ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తున్ననని, పొద్దున ఎనిమిదికి పోతే సాయంత్రం ఐదు దాక కుర్చీలో కూర్చోనియ్యరని అన్నది. అది కూడ ఫిర్యాదు లెక్క అనలేదు.

ఆ తర్వాత, "నేను సంతకం పెట్టనని అంటలేను. నా దగ్గర తాళం లేదు," అన్నది.

నాకు అర్థం కాలేదు. పాత ఫోన్ పాడై కొత్తది కొన్ననని చెప్పింది. మరి పన్నెండు మాటలు, నోట్‌బుక్ వెనుక రాసుకున్నవి కదా అన్న.

"లిస్టు పెట్టిన రోజు ఇంటికొచ్చి డిపార్ట్‌మెంట్ కాగితాలన్నీ పాత పేపర్లు కొనేటాయనకు ఏసిన. నోట్‌బుక్కులు, పాత ప్రశ్నపత్రాలు, నా థీసిస్ కాపీ గూడ. ఇంట్ల ఒక్కటి గూడ ఉండొద్దనిపించింది."

నేను ఆమె మొఖంలోకి చూసిన. అబద్ధమాడుతున్నదా అని వెతికిన. పదేండ్లు ఒకే గదిలో, ఒకే స్టాఫ్ రూమ్‌లో బతికిన మనిషి మొఖం, నాకు ఏమీ తెలియలేదు. ఇప్పటికి కూడ తెల్వదు. నిజంగనే ఆ నోట్‌బుక్ తూకంలో పోయిందో, ఏ బీరువా అడుగున ఉన్నదో. ఉన్నా తప్పు పట్టే నోరు నాకెక్కడిది. ఆమె సగం కూడ అందులోనే ఉన్నది. అత్తమ్మ మందులకు ఆ డబ్బు ఎంత అక్కరకొస్తుండెనో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

లేవబోతుంటే, "ఒక్కటి అడుగుత," అన్నది. "సార్‌కు ఎందుకు చెప్పినవ్?"

దారి పొడుగునా ఈ ప్రశ్నకు జవాబు తయారు చేసుకొని వచ్చిన. సార్ అడిగితే నోరు జారిందని, ఇంత దూరం పోతదనుకోలేదని. తీరా నోట్లోంచి వేరేది వచ్చింది. "నాకు క్లాసులు కావాలనిపించింది అక్కా," అన్న.

ఆమె తలూపింది. "నన్ను అడిగితే క్లాసులు సగం సగం పంచుకునేటోళ్లం. నీకు ఆ సంగతి తట్టనే లేదు," అన్నది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. లోపల అత్తమ్మ ఏదో గొణిగితే లేచి పోయింది. నేను తలుపు దగ్గరికి వేసి మెట్లు దిగిన.

మెడలో గొలుసు కుదువబెట్టి అడ్వాన్స్ కట్టిన. విద్యానగర్ గదికి సామాను ఒక్క ట్రాలీ ఆటోలో పట్టింది. డబ్బు ఆ వాలెట్‌లో అట్లనే ఉన్నది. ఎన్నేండ్లయినా అట్లనే ఉంటదంట. దొంగ తియ్యలేడు, నేను తియ్యలేను.

మరుసటి సెమిస్టర్‌కు నా గంటలు కూడ పోయినయి. కొత్తగ పీహెచ్‌డీ అయిన ఒక అమ్మాయిని పెట్టుకున్నరు. నా గురించి ఎవరైనా ఏమన్నా అన్నరా అని నేను కనుక్కోలేదు. చాల చోట్ల తిరిగి, ఎక్కడా దొరకక, అక్క పనిచేసే జూనియర్ కాలేజీలో ఖాళీ ఉన్నదని తెలిసి అక్కడికే దరఖాస్తు పట్టుకొని పోయిన. సిగ్గు కంటే అద్దె పెద్దది. ప్రిన్సిపాల్ నా కాగితాలు చూసి, మీ డిపార్ట్‌మెంట్ మేడమే మా దగ్గర ఉన్నదని, ఆమెను పిలిపించిండు. చేతికి సుద్దపొడితోనే వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"ఈమె మీకు తెలుసా మేడం, ఎట్ల చెప్తది?" అని అడిగిండు ప్రిన్సిపాల్.

అక్క నా దిక్కు చూడకుండ, "మంచిగ చెప్తది సార్. ఒక్క రోజు గూడ క్లాసు ఎగ్గొట్టదు," అన్నది. బెల్లు కొడుతుంటే వెళ్లిపోయింది.

నాకు ఉద్యోగం వచ్చింది. ఒకే స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటం. టైమ్‌టేబుల్ గురించి మాట్లాడుకుంటం, సిలబస్ ఎంతైందని ఒకరినొకరం అడుగుతం. నేను అక్కా అంటే పలుకుతది. ఆమె మాత్రం నన్ను అందరి లెక్కనే మేడం అని పిలుస్తది, మీరు అంటది. మధ్యాహ్నం డబ్బా తెరిచి, కిటికీ దిక్కు తిరిగి ఒక్కతే తింటది.